పిడికెడు బియ్యం ఏసమ్మ

ముత్యాలపాలెం ఏసమ్మ మొట్టమొదట సాధించిన ఘనకార్యం, పోతున్న బస్సును ఆపించడం. ద్రాక్షారామం నుంచి రామచంద్రపురం వెళ్ళే బస్సు పాలెం మలుపులో ఆగేది కాదు. అక్కడ స్టేజీ లేదనేవారు. పురిటినొప్పులు పడుతున్న ఆడమనిషిని సైకిల్ వెనక కూర్చోబెట్టి మైలున్నర తోసుకుపోయిన రోజులవి. అప్పటికి ఏసమ్మకు ముప్ఫై రెండేళ్ళు. చదివింది ఐదో తరగతి, చేసేది నాట్ల ముఠాకు మేస్త్రిపని. తొంభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం, పొలం పనుల్లేని నలభై ఒక్క రోజులు, ముఠాలో ఆడవాళ్ళని వెంటబెట్టుకుని పొద్దున్న ఏడూ ముప్పావుకల్లా మలుపు దగ్గర రోడ్డు మీద నిలబడింది. అరవలేదు, రాయి విసరలేదు. ఊరికే నిలబడింది. నలభై రెండో రోజున డ్రైవరు తనంతట తనే బ్రేకు వేసి, "ఎక్కండమ్మా, మీతో పడలేం" అన్నాడు. ఇప్పటికీ ఆ బస్సు అక్కడ ఆగుతోంది. రోడ్ల లెక్కల్లో దాని పేరేమిటో గానీ, జనం మాత్రం ఏసమ్మ స్టాపు అనే అంటారు.

ఆ తర్వాత సాధించినవి చెప్పాలంటే పొద్దు చాలదు. కాలవగట్టు మీద నాలుగు దీపాలు వేయించింది. నాట్లకు పోయిన ఆడవాళ్ళకు మధ్యాహ్నం గంట విరామం ఇప్పించింది. బాప్టిస్టు చర్చి పైకప్పు గాలివానకు లేచిపోతే, మళ్ళీ క్రిస్మస్ నాటికి కొత్త కప్పు కింద పాటలు పాడించింది. ఇవన్నీ చెప్పడం ఎందుకంటే, ఏసమ్మ భయపడే మనిషి కాదని తెలియడానికి. చచ్చినవాళ్ళు తిరుగుతారంటే, "తిరగడానికి వాళ్ళకేం పని, బతికినంతకాలం తిరిగింది చాలదా" అని నవ్వే మనిషి. అలాంటి ఏసమ్మ మొన్న అక్టోబరులో తాళం వేసిన ఒక ఇంటి ముందు, తాళంచెవి చేతిలో ఉండి కూడా, అరగంట సేపు తలుపు తియ్యలేక నిలబడిపోయింది.

అది ఆమె తమ్ముడి కూతురు వినీలతో మొదలైన కథ. వినీలకు పధ్నాలుగో ఏట మెదడు వాపు జ్వరం వచ్చి చూపు పోయింది. అయినా చదువు మానలేదు. డిగ్రీ పూర్తి చేసి రామచంద్రపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం సంపాదించింది. పాలెం నుంచి బస్సు మలుపుకు కాలవగట్టు మీద మైలు దూరం నడవాలి. ఒక పక్క కాలవ, ఒక పక్క చేలు, మధ్యలో మోటారు సైకిళ్ళు. వాళ్ళ నాన్న జీవరాజు రోజూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బస్సెక్కించేవాడు. రెండేళ్ళ కిందట జీవరాజు గుండె ఆగి పోయాడు. చేతికర్ర పట్టుకుని ఒక్కతే బయల్దేరిన మూడో రోజునే వినీల గట్టు జారి కాలవలో పడింది. నీళ్ళు తక్కువ ఉండబట్టి బతికింది. ఆ రోజు నుంచి ముఠాలో ఒక ఆడమనిషి కూలి మానుకుని ఆ పిల్లను దిగబెట్టాల్సి వచ్చేది.

"ఎంతకాలం ఇలా అత్తా? ఉద్యోగం మానేస్తాను" అంది వినీల ఒకరోజు.

"బస్సు ఆపింది నువ్వు ఎక్కకుండా కూర్చోడానికా?" అంది ఏసమ్మ.

చూపు లేనివాళ్ళకు దారి చూపే కుక్కలుంటాయని, బెంగళూరు అవతల ఒక చోట వాటికి రెండేళ్ళు నేర్పి ఇస్తారని వినీల తన మాట్లాడే ఫోన్‌లో విని చెప్పింది. కుక్కకు వెల కట్టరు గానీ, దాన్ని పెంచి నేర్పడానికయ్యే ఖర్చులో కొంత ఊరివాళ్ళు పోగుచేసి ఇవ్వాలి. అది ఒక ఇంటిల్లిపాది పంటకాలం కూలి అంత ఉంది. ఏసమ్మ ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. చర్చి స్త్రీల సమాజానికి ఎప్పటి నుంచో ఉన్న అలవాటునే పట్టుకుంది. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు బియ్యం తీసి పక్క డబ్బాలో వేస్తుంది. అది దేవుడి బియ్యం. ఇంట్లో ఎంత కరువున్నా దాన్ని వండుకోరు. ఆదివారం నాడు తెచ్చి చర్చిలో కుమ్మరిస్తారు. "పధ్నాలుగు నెలలు ఆ పిడికిలి వినీల కుక్కకు ఇవ్వండి" అని అడిగింది ఏసమ్మ. నలభై మూడు ఇళ్ళు ఒప్పుకున్నాయి.

ప్రతి సోమవారం ఆ బియ్యాన్ని ద్రాక్షారామంలో వెంకటరత్నంగారి కొట్టుకు మోసుకెళ్ళేది. వెంకటరత్నం మూడు తరాల బియ్యం వర్తకుడు. అరచేతిలో పోసుకుని చూసి నవ్వేవాడు.

"ఏసమ్మా, ఇందులో స్వర్ణ ఉంది, సన్నాలున్నాయి, రేషన్ బియ్యం ఉంది. వండితే ఒక గింజ మెత్తబడుతుంది, ఒక గింజ పలుకుంటుంది. ఎవరికి అమ్మమంటావు?"

"దోసెలకి రుబ్బుకునేవాళ్ళకి అమ్మండి షావుకారుగారండీ. రుబ్బితే అందరిదీ ఒకటే పిండి."

"ఆయ్, మాటకేం లోటు లేదు" అని మంచి ధరే కట్టేవాడు. ఒకసారి మాత్రం గుప్పెడు గింజలు వేరుగా ఏరి వెలుగులో పెట్టి చూశాడు. "ఈ ఎర్ర జీర గింజ ఎవరిదమ్మా? ఇది మరలో ఆడించింది కాదు, రోట్లో దంచింది. ఈ రోజుల్లో దంచే చెయ్యి ఇంకా ఉందా?"

ఉంది. అది బేబమ్మ చెయ్యి. పాలెంలో ఆఖరి ఇల్లు, కాలవగట్టు ఎక్కే చోట, బేబమ్మది. డెబ్భై దాటిన ఒంటరి మనిషి. కోతలయ్యాక చేలల్లో రాలిన పరిగె ఏరుకుని, ఎండబెట్టి, రోట్లో దంచుకుని అదే తినేది. నలభై మూడు ఇళ్ళలో ఒక్కరోజు కూడా తప్పకుండా పిడికెడు తీసింది ఆమె ఒక్కతే. అందరివీ ప్లాస్టిక్ డబ్బాలైతే ఆమెది మట్టికుండ. ఏప్రిల్లో మంచం పట్టినప్పుడు ఏసమ్మ చూడబోతే, చెయ్యి పట్టుకుని ఒకే ఒక మాట అడిగింది.

"కుక్క వచ్చాక నా గుమ్మం ముందు ఒక్కసారి నిలబెట్టమ్మాయ్. నా గింజ ఎంతదూరం నడిచిందో చూసుకుంటాను."

"నిలబెడతాలే పిన్నీ. నువ్వే వచ్చి దాని తల నిమురుదువు గాని."

మే నెల రెండో వారంలో బేబమ్మ పోయింది. ఏసమ్మే దగ్గరుండి అన్నీ చేయించింది. కుండలో ఉన్న బియ్యం చివరిసారిగా చర్చికి చేర్చి, కుండ కడిగి, వంటింటి మూల బోర్లించి, తలుపుకు తాళం వేసింది. బేబమ్మకు నా అన్నవాళ్ళు లేరు. తాళంచెవి ఏసమ్మ బొడ్లోనే ఉండిపోయింది.

జూన్ నెలలో కుక్క వచ్చింది. తేనె రంగు, పెద్ద తల, పేరు డైసీ. వారం తిరక్కుండా ఊరివాళ్ళు డేసమ్మ అనడం మొదలుపెట్టారు. "ఏసమ్మకి చెల్లెలు డేసమ్మ" అని కుర్రకారు నవ్వుకున్నారు. దానికి నేర్పిన ప్రసన్నకుమార్ కూడా వచ్చి పది రోజులు ఉండి, వినీలకు దారంతా అలవాటు చేశాడు. నెమ్మదైన మనిషి. వెళ్ళేముందు పాలెం అందరినీ చర్చి ముందు కూర్చోబెట్టి ఒకే నియమం చెప్పాడు. "దీని ఒంటి మీద ఈ పిడి ఉన్న జీను కనిపిస్తే ఇది డ్యూటీలో ఉన్నట్టండి. పిలవద్దు. ముట్టుకోవద్దు. తిండి పెట్టద్దు."

అతను వెళ్ళిన సాయంత్రం ఏసమ్మ కుక్కను ఊరేగించింది. జీను తీసేసి, మెడలో బంతిపూల దండ వేసి, బియ్యం ఇచ్చిన ప్రతి గుమ్మం ముందూ నిలబెట్టింది. పక్క ఊళ్ళో టీకొట్టు నడిపే చంద్రరావు కూడా వచ్చాడు. చక్కెర జబ్బుతో రెండేళ్ళ కిందట అతనికి చూపు పోయింది. డైసీ వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. "మీ పిల్ల అదృష్టం" అన్నాడు. ప్రతి ఇంట్లోనూ ఏసమ్మను మెచ్చుకునేవాళ్ళే. నలభై రెండు గుమ్మాలు అయ్యేసరికి వాన మొదలైంది. ఆఖరి ఇంటికి ఇంకా వంద గజాలుంది. "తాళం వేసిన ఇంటికి ఎందుకులే" అన్నారెవరో. ఆ మాట ఎవరన్నారో ఏసమ్మకు తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అన్నది తనేనేమో అని కూడా అనిపించేది. అందరూ వెనక్కి తిరిగారు.

మర్నాడు పొద్దున్న వినీల డైసీ పిడి పట్టుకుని ఒక్కతే బస్సుకు వెళ్ళింది. పాలెం మొత్తం గుమ్మాల్లో నిలబడి ఊపిరి బిగబట్టి చూసింది. కాలవగట్టు ఎక్కేచోట, బేబమ్మ ఇంటి ముందు, కుక్క ఆగింది. కొంచెం సేపు అలాగే ఉండి కదిలింది. కొత్తగదా అనుకున్నారు.

ఆగస్టు నాటికి డైసీ ప్రతి గుమ్మం దగ్గరా ఆగడం మొదలుపెట్టింది. ఏడూ ముప్పావు బస్సు వారంలో రెండుసార్లు తప్పిపోయేది. ఆలస్యం ఇలాగే ఉంటే వేరే మనిషిని చూసుకుంటామని ఆస్పత్రివాళ్ళు చెప్పేశారు. ఏసమ్మ ఒక పొద్దున్న వెనకాలే నడిచి చూసింది. ప్రతి గడప పక్కనా ఒక ఆకులో అన్నం ముద్ద.

"సత్యకుమారీ, ఏంటిది?" అని అడిగింది మొదటి గుమ్మంలో నిలబడ్డ స్త్రీల సమాజం కార్యదర్శిని.

"మేం పిలవలేదక్కా. ముట్టుకోనూ లేదు. ఆయన చెప్పినట్టే ఉన్నాం. మన బియ్యంతో వచ్చింది గదా, మన గుమ్మం ముందు నుంచి ఖాళీ కడుపుతో పోతే దోషమని అక్కడ పెట్టి ఇవతలికి వచ్చేస్తున్నాం. అది పెట్టడం ఎలాగవుద్ది?"

నలభై రెండు ఇళ్ళూ అదే మాట. ఎవరికి వారు తమ ఒక్కరే పెడుతున్నామనుకున్నారు. ఏసమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. ముద్దలు ఆగిపోయాయి. కానీ అలవాటు పడ్డ కుక్క ముక్కు దించి ప్రతి గడపా వెతుకుతూనే ఉంది. వాటన్నిటికీ కారణం ఉంది. ఆఖరి ఇంటికే లేదు. అక్కడ ముద్ద పెట్టేవాళ్ళు లేరు. అయినా ఊరేగింపు మర్నాటి నుంచీ అది ఆ తాళం ముందు ఆగుతూనే ఉంది.

"అక్కడ ఏమవుద్దమ్మడూ?" అని ఏసమ్మ వినీలను అడిగింది.

"తెలీదత్తా. ఆ ఒక్కచోటే గాలి చల్లగా ఉంటుంది. తవుడు వాసన వస్తుంది, అప్పుడే దంచినట్టు. నేను ముందుకు తోసినా డైసీ కదలదు. కాసేపటికి ఎవరో పక్కకి జరిగినట్టు అదే కదులుతుంది."

"కాలవ గాలిలే" అంది ఏసమ్మ. అంది గానీ, ఆ రోజు అన్నం సహించలేదు.

అక్టోబరు ఎనిమిదిన ప్రసన్నకుమార్ తనిఖీకి వచ్చాడు. మర్నాడు పొద్దున్న వినీల వెనకాల పది అడుగుల దూరంలో నడిచాడు, పక్కన ఏసమ్మ. గుమ్మం గుమ్మానికీ అతని మొహం ముడుచుకుపోతోంది. ఆఖరి ఇంటి ముందు మాత్రం అతను ఆగి, చెయ్యి అడ్డం పెట్టి ఏసమ్మనూ ఆపాడు. డైసీ తల ఎత్తి నిలబడింది. చెవులు ముందుకు పెట్టింది. తోక నెమ్మదిగా ఊపుతోంది. దాని చూపు మనిషి మొహం ఉండే ఎత్తులో ఉంది. ఆ చూపు కొంచెం కొంచెంగా గట్టు నుంచి మెట్ల మీదికి, మెట్ల నుంచి తలుపు దాకా జరిగింది. అప్పుడు కుక్క కదిలింది.

వినీలను బస్సెక్కించాక అతను అన్నాడు. "ఏసమ్మగారూ, తిండి కోసం ఆగే కుక్క ముక్కు దించుతుందండి. మిగతా ఇళ్ళ దగ్గర అదే. అది మాన్పించొచ్చు. ఇక్కడ తల ఎత్తి ఆగింది. దారికి అడ్డంగా మనిషి ఉంటే ఇలా ఆగాలని నేర్పింది నేనే."

"అక్కడ మనిషి లేడుగా బాబూ."

"లేరండి. అందుకే. కారణం తెలియకుండా ఆగే కుక్కని ఈ గట్టు మీద ఆ అమ్మాయి చేతిలో పెట్టి వెళ్ళలేను. ఒకరోజు కారణం తెలియకుండా నడుస్తుంది, కాలవలోకి. రేపు తీసుకుపోతాను. మళ్ళీ ఇస్తామని చెప్పలేను."

"రేపు పొద్దున్న ఇంకొక్కసారి నడిచి చూడండి. అప్పుడు మీ ఇష్టం" అంది ఏసమ్మ. ఆ మాట ఎందుకందో అప్పటికి ఆమెకే తెలియదు. ఇంటికొచ్చి పీట మీద కూర్చున్నాక తెలిసింది. నిలబెడతాలే పిన్నీ అన్న తన గొంతు తనకే వినిపించింది.

సాయంత్రం నాలుగింటికి ఎండ ఉండగానే బేబమ్మ ఇంటికి వెళ్ళింది. అరగంట నిలబడిపోయింది ఇక్కడే. తాళానికి తుప్పు పట్టింది, ఎవరూ తియ్యని తాళమే. లోపల గచ్చు మీద ఐదు నెలల దుమ్ము. ఒక్క అడుగుజాడ లేదు. వంటింట్లో రోలు చుట్టూ మాత్రం నేల తుడిచినట్టు శుభ్రంగా ఉంది. మూల తాను బోర్లించిన కుండ, మూతి పైకి పెట్టి నిలబడి ఉంది. మెడ దాకా బియ్యం. ఏసమ్మ చెయ్యి పెట్టి తీసింది. పురుగు లేదు, ముక్కవాసన లేదు. ఎర్ర జీర ఉన్న దంపుడు బియ్యం. పధ్నాలుగు నెలలు పిడికిళ్ళు చూసిన కన్ను అది. రోజుకో పిడికెడు చొప్పున మే నుంచి ఆ పొద్దు దాకా వేస్తే ఎంత ఉండాలో అంతే ఉంది.

ఏసమ్మ కేకలు పెట్టలేదు, పారిపోలేదు. రోటి పక్కనే కూర్చుంది. అప్పుడు ఒక సంగతి తట్టింది. కుక్క వచ్చిన రోజు నుంచి పాలెంలో ఒక్క ఇల్లు కూడా పిడికెడు తియ్యలేదు. తాను అడగలేదు. గెలిచామనుకుని ఆపేశారు. ఆపంది ఒక్కతే.

వినీల బస్సు దిగి రాగానే డైసీ జీను తీయించి ఇద్దరినీ ఆ ఇంటికి తీసుకొచ్చింది. గుమ్మం ముందు నిలబెట్టింది. తలుపులు బార్లా తీసింది.

"పిన్నీ, ఇదిగో" అంది లోపలికి చూస్తూ. "నా గొప్పలో పడి నిన్ను వదిలేశాను. నీ గింజ ఇంతదూరం నడిచింది. చూసుకో."

డైసీ గడప దాటి లోపలికి వెళ్ళింది. దుమ్ములో దాని అడుగులు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. రోటి దగ్గర ఆగి తల వంచింది. ఎవరో నిమురుతుంటే వంచినట్టు, చెవులు వెనక్కి పడేసి, కళ్ళు మూసుకుని. వినీల ఏసమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అత్తా, లోపల ఎవరున్నారు?"

"మనవాళ్ళే తల్లీ."

మర్నాడు పొద్దున్న డైసీ పాత గడపలన్నీ ముక్కుతో వెతికింది. ఆఖరి ఇంటి ముందు మాత్రం ఒక్క అడుగు కూడా తడబడకుండా గట్టు ఎక్కేసింది. ప్రసన్నకుమార్ అక్కడే నిలబడి తలుపు వంకా కుక్క వంకా మార్చి మార్చి చూశాడు.

"నిన్న ఏం చేశారండీ?"

"ఒక మాట బాకీ ఉంటే తీర్చానండి."

తిండి అలవాటు ఒక్కటే అయితే ఐదు వారాల్లో మాన్పించొచ్చన్నాడు. డైసీతో పాటు వినీల రావాలి. ఆస్పత్రిలో అతనే మాట్లాడి ఆ ఐదు వారాలకు సెలవు ఇప్పించాడు. ఊరంతా ఎవరి మాట వింటుందో ఆ మనిషి కూడా వచ్చి నియమాలు నేర్చుకుని తిరిగొచ్చి నేర్పాలన్నాడు. అలా రాజమండ్రి వంతెన కూడా దాటని ఏసమ్మ, యాభై ఎనిమిదో ఏట, బెంగళూరు ప్రయాణం కట్టింది. వెళ్ళేముందు బేబమ్మ కుండలో బియ్యం మొత్తం ద్రాక్షారామం తీసుకెళ్ళింది. వెంకటరత్నం అరచేతిలో పోసుకోగానే ఆ ఎర్ర జీర చూసి, తల ఎత్తి ఏసమ్మ మొహంలోకి చూశాడు. ఆ చెయ్యి మే నెలలోనే పోయిందని అతనికి తెలుసు.

"ఈసారి ఎవరికమ్మా?" అన్నాడు మెల్లగా.

"టీకొట్టు చంద్రరావుగారికండి, కుక్క కోసం. ఇది మొదటి కుండ."

మళ్ళీ కుండ కడిగి బోర్లించింది. తాళం వేసి చెవి సత్యకుమారికి ఇచ్చింది. గడపల్లో ముద్ద పెట్టబోమని, డబ్బాల్లో పిడికెడు వేస్తామని నలభై రెండు ఇళ్ళ చేతా చర్చిలో మాట తీసుకుంది. అక్టోబరు పదకొండు శనివారం సామర్లకోటలో రైలెక్కారు.

నాలుగో రోజు పొద్దున్న సత్యకుమారి నుంచి ఫోను వచ్చింది.

"ఏసక్కా, తాళం వేసినట్టే ఉంది. చెవి నా దగ్గరే ఉంది. రోజూ మనం ఎసరు పెట్టే వేళకి ఆ ఇంట్లో రోకటి చప్పుడు వస్తోంది. అందరం వింటున్నాం. ఏం చెయ్యమంటావు?"

ఎదురుగా కుక్కల బడి వరండాలో వినీల డైసీతో నడక నేర్చుకుంటోంది. ఏసమ్మ అటే చూస్తూ అడిగింది.

"నువ్వు ఇవాళ పిడికెడు తీశావా?"

"తీశానక్కా. అందరం తీస్తున్నాం."

"ఇంకేం, పిన్ని కూడా తీస్తోంది. తియ్యనీ. తలుపు ఎవరూ తియ్యకండి, కుండ నేనొచ్చి దించుతాను."

"ఎప్పటికొస్తావక్కా?"

"నవంబరు పదహారు, ఆదివారం."